చందాలు వద్దు, ముందుగా అమ్మండి
సందేహాలు – సమాధానాలు

డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు దగ్గరపడుతున్నాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. పదిమంది దగ్గర డబ్బు పోగుచేసి పుస్తకం వేయడం ఎలా అని అడిగేవాళ్లే ఎక్కువ. అందుకని ఈసారి ఆ ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చాం.

*అయ్యా, నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా ఊరి చరిత్ర రాశాను. మెకంజీ కైఫీయతులో మా ఊరి గురించి ఏముంది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఇంటి నుంచి ఎవరు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు, అన్నీ ఉన్నాయి. డీటీపీ చేయిస్తే 250 పేజీలొచ్చింది. పింఛనుతో వేయలేను. ఊళ్లోవాళ్లనూ బయట స్థిరపడినవాళ్లనూ చందాలు అడుగుదామంటే, ఈ వయసులో చెయ్యి చాపుతారా అని ఇంట్లోవాళ్లు గొడవ. – గుంటూరు జిల్లా పాఠకుడు*

మాస్టారూ, ఇంట్లోవాళ్ల మాటలో న్యాయముంది. చెయ్యి చాపకండి. పుస్తకాన్ని అచ్చుకు ముందే అమ్మండి. డబ్బు అదే, మర్యాద వేరు. విరాళం ఇచ్చినవాడు మీకు మేలు చేశాననుకుంటాడు. ముందుగా కొన్నవాడు పుస్తకం ఎప్పుడొస్తుందని అడుగుతాడు. మీకు కావలసింది ఆ రెండోవాడు.

ఇదేం కొత్త పద్ధతి కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, శాస్త్ర గ్రంథాలు వేశారంటే, వాటి వెనక చందాదారులున్నారు. ఎమెస్కో వారి ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’లో నెలనెలా డబ్బు కట్టి పుస్తకాలు తెప్పించుకున్న కుటుంబాలు మీ ఊళ్లోనే ఉండి ఉంటాయి. వాళ్లెవరూ దానం చేస్తున్నామనుకోలేదు.

ఇక లెక్క. ఎవరినీ ఒక్క రూపాయి అడగకముందే ప్రెస్సుకు వెళ్లి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. డెమ్మీ సైజులో ఫారానికి 16 పేజీలు. 15 ఫారాలైతే 240, 16 అయితే 256. మీ 250 పేజీలు రెంటికీ మధ్యన పడ్డాయి. పదహారో ఫారానికి డబ్బు కట్టి ఆరు పేజీలు తెల్లగా వదిలేస్తారు. వదలకండి. అందులో నాలుగు పేజీల్లో ముందుగా కొన్నవాళ్ల పేర్లు వేయండి. చిన్న అక్షరాల్లో, రెండు వరుసల్లో, పేజీకి 75 పేర్ల చొప్పున 300 పేర్లు పడతాయి. తన పేరున్న పుస్తకాన్ని ఎవరూ పాత పేపర్ల కట్టలో వేయరు.

ప్రెస్సువాళ్లు 500 కాపీలకు 60,000 చెప్పారనుకుందాం. డీటీపీ, ప్రూఫులు దిద్దినవారికి, అట్ట వేసినవారికి కలిపి 15,000. మూడు వందల పుస్తకాలు పోస్టులో పంపాలంటే కవరు, లేబులు, పోస్టాఫీసుకు ఆటో ఖర్చుతో సహా పుస్తకానికి 50 చొప్పున ఇంకో 15,000. మొత్తం 90,000. పుస్తకం వెల 300 పెట్టి, ముందుగా డబ్బు పంపినవారికి పోస్టు ఖర్చు మీరే భరించండి. 300 మంది చేరితే ఖర్చంతా వచ్చేసినట్టే. మిగతా 200 కాపీల్లో ఓ 50 బడులకు, గ్రంథాలయాలకు, సమీక్షలకు పోతాయి. 150 షాపుల్లో ఉంచితే వాళ్ల కమీషన్ 40 శాతం దాకా ఉంటుంది, మీ చేతికి కాపీకి 180 వస్తుంది. అదీ అమ్ముడుపోయాక, అదీ మీరు నాలుగుసార్లు ఫోన్ చేశాక. కాబట్టి ఆ డబ్బును లెక్కలోకి తీసుకోకండి. కొత్తగా పుస్తకం వేసేవాళ్లు చాలామంది పోస్టు ఖర్చు మరిచిపోతారు, షాపు డబ్బు మాత్రం ముందే లెక్కేసుకుంటారు. రెండూ తలకిందులే.

ఎవరిని అడగాలి? మీరు పాఠాలు చెప్పిన పదో తరగతి బ్యాచ్‌లన్నిటికీ ఈపాటికి వాట్సాప్ గ్రూపులుంటాయి. అక్కడ మొదలుపెట్టండి. అయితే మొదటి మెసేజీలో డబ్బు ఊసెత్తకండి. చెరువు తూము గురించి రాసిన రెండు పేజీలు పెట్టి, ఇందులో తప్పులుంటే చెప్పండి, మీ ఇళ్లలో పాత ఫొటోలుంటే పంపండి అనండి. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల పద్యాలతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అన్ని ఊళ్లవాళ్లు అందులో ఉన్నారు కనుకనే అది అన్ని ఊళ్ల పుస్తకమైంది. మీ పుస్తకానికి తాతగారి పెళ్లిఫొటో పంపినవాడు ఒక కాపీతో ఆగడు, అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ కలిపి ఐదు కొంటాడు.

*మా మండలం మీద వేస్తున్న పుస్తకానికి ఒక పెద్దమనిషి లక్ష రూపాయలిస్తానన్నారు. మొదటి పేజీలో వారి తండ్రిగారి రంగుల ఫొటో వేయాలట. అది సరే అనుకున్నాం. ఇప్పుడు పాత భూతగాదా గురించిన పేరా తీసేయమంటున్నారు. లక్ష పోతే పుస్తకం ఆగిపోతుంది. – కరీంనగర్ పాఠకుడు*

ఫొటో వేయండి, పేరా ఉంచండి. ఒప్పుకోకపోతే లక్ష వదులుకోండి.

కృతిభర్తలకు మన సాహిత్యంలో ఎప్పుడూ ఒక చోటుంది. ఆ చోటు అవతారిక. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ్యసెట్టికి అంకితమిచ్చి, ఆ వర్తకుడు ఎక్కడెక్కడి నుంచి కర్పూరం, సుగంధద్రవ్యాలు తెప్పిస్తాడో పద్యంలో ఏకరువు పెట్టాడు. కథ మొదలయ్యాక హరుడే నాయకుడు, సెట్టిగారు కాదు. మీరూ అదే హద్దు పెట్టుకోండి. అంకితం పేజీ, కృతజ్ఞతల పేజీ, వెనక అట్ట మీద రెండు వాక్యాలు ఇవ్వవచ్చు. మొదటి అధ్యాయం నుంచి చివరి అధ్యాయం దాకా ఎవరి డబ్బుకూ ప్రవేశం లేదు.

అసలు ఒకరి మీద ఇంతగా ఆధారపడడమే చిక్కు తెచ్చింది. మొత్తం ఖర్చులో పదోవంతుకు మించి ఏ ఒక్కరి దగ్గరా తీసుకోమని ముందే కాగితం మీద రాసుకుని, అడిగేటప్పుడే చూపించాల్సింది. ఇప్పుడైనా రాసుకోండి. ‘అందరికీ ఇదే నియమమండీ’ అనగలిగితే పెద్దమనిషికి కోపం రాదు. వచ్చినా మీ మీద కాదు, నియమం మీద. ఆయనకు పుస్తకం మీద నిజంగా ప్రేముంటే వంద కాపీలు కొని మండలంలోని బడులకు పంచమనండి. భూతగాదా పేరాను మాత్రం ఒక వకీలుకు చూపించండి. డబ్బిచ్చినాయన అడిగాడని కాదు, పరువునష్టం దావా వస్తే కోర్టుకెక్కేది మీరు గనక. దస్తావేజు, తీర్పు నంబరు ఉన్న మాట ఉంచి, ‘అనుకునేవారు’ అన్న మాట తీసేయండి.

*మా నాన్నగారు ఓ చిన్న మాసపత్రిక నడుపుతారు. ఆయన వ్యాసాల సంపుటి వేయాలని ఇక్కడి స్నేహితులం అనుకుంటున్నాం. మాలో కొందరం ఇంకా హెచ్1బీ వీసా మీద ఉన్నాం, కొందరికి అమెరికా పౌరసత్వం వచ్చింది. అందరం తలా వంద డాలర్లు నాన్నగారి ఖాతాలో వేస్తే సరిపోతుందా? – డాలస్ నుంచి ఒక పాఠకురాలు*

వేయకండమ్మా. అడగడం మంచిదైంది.

భారత పౌరసత్వం ఉన్నవారు విదేశంలో సంపాదించుకున్న సొమ్ము బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. వీసా మీద ఉన్న మీ స్నేహితులకు ఆ చిక్కు లేదు. అమెరికా పౌరులైనవారు పంపేది, చేతిలో ఓసీఐ కార్డున్నా, విదేశీ విరాళమే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, వర్తిస్తుంది. మీ నాన్నగారి విషయంలో ఇంకో మెలిక ఉంది. నమోదైన పత్రికకు సంపాదకుడు, యజమాని, ముద్రాపకుడు, ప్రచురణకర్త, కాలమిస్టు, కార్టూనిస్టు, వీరెవరూ విదేశీ విరాళం పుచ్చుకోకూడదని ఆ చట్టమే అంటోంది. ప్రభుత్వోద్యోగులకూ ఇదే నిషేధం. కూతురిగా మీరు పంపుకోవచ్చు, దగ్గరి బంధువులకు మినహాయింపు ఉంది. స్నేహితులకు లేదు.

ఐతే దారి మూసుకుపోలేదు. వ్యాపారంలో వస్తువుకు చెల్లించే ధర విరాళం కాదు. మీ స్నేహితులు పుస్తకాన్ని కొనుక్కోవచ్చు. పుస్తకాలు వేసి అమ్మడమే వృత్తిగా ఉన్న ఒక ప్రచురణ సంస్థ ద్వారా, రసీదు మీద, ఉన్న వెలకు కొనాలి. వెల 300 రూపాయలుండగా 300 డాలర్లు పంపి పుస్తకం కొన్నామంటే ఎవరూ నమ్మరు. అక్కడే నమోదైన సాహిత్య సంస్థ తన పేరుతో పుస్తకం వేయడం ఇంకో మార్గం. హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ లాంటివి ఏళ్ల తరబడి తెలుగు పుస్తకాలు వేస్తూనే ఉన్నాయి. ఏ దారి పట్టినా ముందు ఇక్కడి చార్టర్డ్ అకౌంటెంటును ఓ మాట అడగండి. పుస్తకాలు అమెరికా చేర్చడానికి విమాన తపాలా ఖర్చు పుస్తకం వెలను దాటిపోతుంది. సంక్రాంతికి వచ్చి వెళ్లేవాళ్ల సూట్‌కేసుల్లో పచ్చళ్ల పక్కన తలా ఐదు కాపీలు సర్దండి. అందరూ చేసేది అదే.

*కథల సంపుటి వేద్దామనుకుంటున్నాను. కిక్‌స్టార్టర్ లాంటి వేదిక మీద పెడితే తెలియనివాళ్లు కూడా డబ్బిస్తారంటున్నారు. నిజమా? – హైదరాబాదు పాఠకుడు*

అమెరికా రచయిత బ్రాండన్ శాండర్సన్ 2022లో కిక్‌స్టార్టర్ మీద నాలుగు నవలలు ప్రకటిస్తే నాలుగు కోట్ల డాలర్లు దాటింది. ఈ వార్త చదివి చాలామంది మీలాగే రాస్తున్నారు. ఆయనకు అప్పటికే లక్షలాది పాఠకులున్నారు. వేదిక ఆయనకు పాఠకుల్ని ఇవ్వలేదు, ఆయనే వెంటబెట్టుకుని వెళ్లాడు. పైగా ఇండియాలో ఉన్నవారికి కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టే వీలు లేదు. ఇక్కడి మిలాప్, కెట్టో ఎక్కువగా ఆస్పత్రి బిల్లుల కోసం వాడేవి. ప్రాణాపాయంలో ఉన్న పసిపిల్ల ఫొటో పక్కన మన కథల పుస్తకం అట్ట పెట్టి సాయం అడగడం నాకైతే మనసొప్పదు.

పుస్తకాల కోసమే పెట్టిన వేదికల్లో బ్రిటన్‌లోని అన్‌బౌండ్‌కు మంచి పేరుండేది. పాఠకులు ముందుగా డబ్బు కడితేనే పుస్తకం అచ్చయ్యేది. అలా వచ్చిన పాల్ కింగ్స్‌నార్త్ నవల ‘ది వేక్’ 2014లో బుకర్ తొలి జాబితాకెక్కింది కూడా. అదే సంస్థ 2025లో దివాలా తీసింది. రావలసిన సొమ్ము రాక రచయితలు, పుస్తకం అందక ముందే డబ్బు కట్టిన పాఠకులు లబోదిబోమన్నారు. పాఠకుల డబ్బు సంస్థ రోజువారీ ఖర్చుల్లో కలిసిపోతే ఏమవుతుందో చూశాం కదా. ఎవరి ద్వారా సేకరించినా ఒక్కటే అడగండి: డబ్బు ఎవరి ఖాతాలో, ఎన్నాళ్లు ఉంటుంది?

మీకు నేను చెప్పేది, ఓ గూగుల్ ఫారం, ఓ యూపీఐ క్యూఆర్ కోడ్, ఒక గడువు తేదీ. గడువులోగా 150 మంది చేరితేనే పుస్తకం, లేకపోతే ఎవరి డబ్బు వారికి వాపసు అని మొదటి వాక్యంలోనే రాయండి. చేరకపోతే? కథలు మరో రెండేళ్లు పత్రికల్లో వేయించుకుని పాఠకుల్ని సంపాదించుకోండి. లేదా డిజిటల్ ప్రింటులో 50 కాపీలే వేసుకోండి. కాపీకి ఖర్చు ఎక్కువ పడుతుంది, కానీ మంచం కింద కట్టలుండవు.

*పుస్తకం కోసం నా సొంత ఖాతాలో రెండు లక్షలకు పైగా జమ అయ్యాయి. పన్ను పడుతుందా? – రాజమహేంద్రవరం పాఠకురాలు*

ఊరికే ఇచ్చినవైతే పడుతుంది. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చిన కానుకలు మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం కాదు, మొత్తమంతా మీ ఆదాయమే. పుస్తకం ధరగా వచ్చినవైతే అది వ్యాపార ఆదాయం, అందులోంచి ప్రెస్సు బిల్లు, పోస్టు ఖర్చు తీసేయవచ్చు. కాబట్టి ప్రతి జమకూ ఎదురుగా ఎవరు, ఎన్ని కాపీలు అని రాసిన జాబితా, ప్రతి ఖర్చుకూ బిల్లు ఉండాలి. అచ్చు పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేదు. ప్రెస్సు బిల్లులో మాత్రం పన్ను ఉండవచ్చు, కొటేషన్‌లోనే అడగండి. 80జీ మినహాయింపు రసీదు ఇస్తామని ఎవరికీ మాటివ్వకండి. ఆ అర్హత నమోదు పొందిన సంస్థలకే ఉంటుంది. ఇకపై ఈ పనికి విడిగా ఓ పొదుపు ఖాతా తెరవండి. కిరాణా, కరెంటు బిల్లు పోయే ఖాతాలో పుస్తకం డబ్బు వేస్తే ఆర్నెల్లకు మీకే లెక్క అందదు.

*ఉగాదికి పుస్తకం ఇస్తామని డబ్బు తీసుకున్నాం. దసరా వచ్చింది. ముందుమాట రాస్తానన్న పెద్దాయన ఇంకా రాయలేదు. జనం ఫోన్లు చేస్తుంటే తీయాలంటే భయమేస్తోంది. – ఖమ్మం పాఠకుడు*

ముందుమాట లేకుండా అచ్చుకివ్వండి. ఈ ఒక్క జబ్బు వల్ల ఆగిపోయిన తెలుగు పుస్తకాలు డబ్బు లేక ఆగినవాటికి తీసిపోవు. పేరున్నవారు ముగ్గురు రాయాలి, వాళ్లు రాసేదాకా ప్రెస్సు ఆగాలి, ఆలోగా కాగితం ధర పెరగాలి. జనం డబ్బు కట్టింది మీ పుస్తకానికి, ముందుమాటకు కాదు. పెద్దాయనకు మర్యాదగా ఓ తేదీ చెప్పండి. ఆ రోజుకు రాకపోతే వారి మాట రెండో ముద్రణకు ఉంచుదామనండి.

ఫోన్లు తీయండి. అంతకన్నా ముందు అందరికీ ఒకే మెసేజీ పెట్టండి: ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది, ఇంత ఖాతాలో ఉంది, ప్రూఫులు ఫలానా పేజీ దాకా అయ్యాయి, ఫలానా తేదీకి పంపుతాం, వద్దనుకున్నవారికి వారంలో వాపసు. పాస్‌బుక్ పేజీ ఫొటో జతచేయండి. వాపసు అడిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వెంటనే ఇచ్చేయండి. ఆలస్యాన్ని మనవాళ్లు సహిస్తారు. కొమర్రాజువారు విజ్ఞాన సర్వస్వం పూర్తిచేయకుండానే 1923లో కన్నుమూస్తే కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పని నెత్తికెత్తుకున్నారు, జనం దాన్ని ఆదరించారు. పలకకపోవడాన్ని మాత్రం ఎవరూ సహించరు.

*మా అభిమాన రచయిత పాత నవల ఎక్కడా దొరకడం లేదు. అభిమానులం డబ్బు వేసుకుని మళ్లీ అచ్చు వేయవచ్చా? – తిరుపతి పాఠకుడు*

రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. 1952లో పోయిన అడివి బాపిరాజు రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. 1979లో పోయిన చలం రచనలకు 2039 చివరిదాకా, 1983లో పోయిన శ్రీశ్రీవి 2043 చివరిదాకా వారసుల అనుమతి కావాలి. దొరకడం లేదన్నది హక్కు ఇవ్వదు. ఇంకో జాగ్రత్త: నవల స్వేచ్ఛగా ఉన్నా దాని పాత అట్ట మీద బాపు బొమ్మ ఉంటే ఆ బొమ్మ హక్కు వేరు. తర్వాతి ముద్రణల్లో చేరిన పీఠికలకూ అంతే. డబ్బు సేకరణ మొదలుపెట్టాక వారసుల కోసం వెతకడం మొదలెట్టకండి, ముందు సంతకం, తర్వాత సేకరణ.

*ఐఎస్‌బీఎన్ నంబరుకు ఒకాయన మూడు వేలు అడుగుతున్నాడు. ఇవ్వాలా? ఇంకా ఏమేం కావాలి? – విజయనగరం పాఠకురాలు*

ఇవ్వకండి. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది. వారి వెబ్‌సైటులో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లు తీరిగ్గా ఇస్తారు కనుక ప్రూఫులు చూస్తున్నప్పుడే పెట్టండి. పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని నిర్ణీత గ్రంథాలయాలకు ఒక్కోటి మీ ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం. చాలామంది ఎగ్గొడతారు. మీరు పంపండి, నలభై ఏళ్ల తర్వాత మీ మనవరాలికి కాపీ కావాలంటే అక్కడే దొరుకుతుంది.

పోస్టు సంగతి. రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేశారు. చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టాక, 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు 100, పన్ను అదనం. పుస్తకంలో ప్రచురణకర్త పేరో ముద్రాపకుల పేరో ఉండి తీరాలి, కవరులో వ్యాపార ప్రకటనల కాగితాలు పెట్టకూడదు. కాగితం ఎంచుకునేటప్పుడే తూకం చూసుకోండి. డెమ్మీలో 256 పేజీలు 70 జీఎస్ఎం మీద వేస్తే అట్టతో కలిపి 285 గ్రాములకు అటూఇటూ ఉంటుంది, పలచటి కవరులో పెడితే 300కు లోపల సర్దుకోవచ్చు. 80 జీఎస్ఎం అయితే కవరు లేకుండానే దాటిపోతుంది. చిరునామాల జాబితాలో పిన్‌కోడ్ లేనివారికి ముందే ఫోన్ చేయండి. తిరిగొచ్చిన కట్టకు రెండోసారి స్టాంపులు మీ చేతి డబ్బే.